దేవదారు గంభీరమట, తంగేడు అందమట

ఈమధ్య ఒక కవిమిత్రుడు నా కవితలో తంగేడుని తీసేసి దేవదారు పెట్టమన్నాడు. ఒంటరితనం మీద కవిత కదా, తంగేడంటే బతుకమ్మ గుర్తొచ్చి మూడ్ చెడుతుందట. దేవదారయితే ‘యూనివర్సల్‌’గా ఉంటుందట. దేవదారు ఎక్కడ చూశావని అడిగితే, సినిమాలో అన్నాడు.

అతనొక్కడే అయితే వదిలేసేవాణ్ణి. మన అనువాదాల్లో పైన్, ఫర్, సీడర్ ఏది కనపడినా చాలాసార్లు దేవదారే అవుతుంది. మంచు, మౌనం, ఏకాంతం అన్నీ దానికే రాసిచ్చేశాం. అడవిపూలకి మిగిలింది పల్లె జ్ఞాపకం, అమాయకత్వం. 2014లో తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పమయ్యింది, సంతోషమే. కానీ దాంతో అది ఇంకాస్త పోస్టరు పువ్వయిపోయింది.

నిజానికి దేవదారు కుటుంబంలోదే అయిన పైన్ అంత ఏకాకేమీ కాదు. దాని వేళ్ళని అల్లుకున్న శిలీంధ్రాలు మట్టిలోంచి నీరు, భాస్వరం అందించి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. దక్షిణార్ధగోళంలో పైన్ తోటలు వేసినప్పుడు, ఆ శిలీంధ్రాలు లేనిచోట మొక్కలు గిడసబారిపోయాయి. పైన్ పెరిగిన చోటి మట్టి తెచ్చి కలిపితే గానీ తేరుకోలేదు.

తంగేడు చిక్కుడు కుటుంబంలో పుట్టింది. అయినా కందిలాగా వేళ్ళకి బుడిపెలు కట్టి నత్రజని పట్టే బాక్టీరియాని పోషించదు. (శిలీంధ్రాల సాయం దీనికీ ఉంటుంది, అబద్ధమెందుకు.) రాళ్ళనేలలో, రోడ్డు పక్కన బతికేస్తుంది. పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి, కొసన చిన్న రంధ్రాలున్న గొట్టాల్లాంటి కేసరాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని ఝుమ్మని అదిరిస్తేనే రాలుతుంది. దేవదారుకి ఆ బాధ లేదు, పుప్పొడిని గాలికి వదిలేస్తుంది, చేరిన చోటికి చేరుతుంది. తంగేడు ఒక తుమ్మెద కోసం ఎదురుచూడాలి. ఎదురుచూపే లేని ఒంటరితనం ఏం ఒంటరితనం?

ఇంకో సంగతి మా మిత్రుడికి చెప్పలేదు, చెప్పాల్సింది. తంగేడు బెరడుతోనే మన ఊళ్ళలో తోళ్ళు పదును చేసేవాళ్ళు. ఆ తోలుతో చెప్పులు, బొక్కెనలు చేయించుకున్నాం, చేసినవాళ్ళని మాత్రం ఊరి బయటే ఉంచాం. తరాల తరబడి వెలిలో నానిన బెరడు అది. దాన్ని పట్టుకుని గాంభీర్యం లేదంటారా? బెరడు వదిలేసి పువ్వొక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది మరి.

కవితలో తంగేడు అలాగే ఉంచాను. శీర్షిక మాత్రం మార్చాను, ‘బెరడు’ అని.