షాక్ తగిలాకే మేలుకుంటే ఎలా?

రైలు పెట్టెకున్న క్రమశిక్షణ పాత కారుకు ఉండనక్కర్లేదా?

పాత కారు రంగు వెలిస్తే వేయిస్తారు. ఇంజన్ మొరాయిస్తే మెకానిక్‌ను పిలుస్తారు. షాక్ అబ్జార్బర్లు అరిగిపోతే మాత్రం 'పాత బండి కదా, ఆమాత్రం ఊగదా' అని సరిపెట్టుకుంటారు. అసలు ప్రమాదం ఆ ఊగడంలోనే ఉంది.

ఈ విషయంలో ఖరగ్‌పూర్ నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుణ్యాన ఎదిగిన ఈ ఊళ్లో ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితమే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వారిలో చాలామందికి అన్నం పెట్టింది రైల్వేనే. ఇక్కడి వర్క్‌షాప్‌లో పెట్టె బాగా నడుస్తోందా అని కాదు, గడువు వచ్చిందా అని చూస్తారు. పీరియాడికల్ ఓవర్‌హాల్ (పీఓహెచ్) తేదీ వస్తే బోగీ విప్పాల్సిందే. దశాబ్దాల పాటు ప్రయాణికులను మోసిన ఐసీఎఫ్ పెట్టెల కింద స్ప్రింగులతో పాటు చమురు నిండిన డాష్‌పాట్‌లు, హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. వాటి బాగోగులూ ఆ తనిఖీలో భాగమే. ఇంటి ముందు నిలిపిన అంబాసిడర్‌కు అలాంటి తేదీ ఏదీ ఉండదు.

నిజానికి కారు బరువు మోసేది షాక్ అబ్జార్బర్ కాదు, స్ప్రింగు. పాత అంబాసిడర్‌లో ముందువైపు టోర్షన్ బార్లు, వెనకవైపు కమాను పట్టీలు ఆ పని చేస్తాయి. గుంతలో పడి లేచిన స్ప్రింగు వెంటనే ఆగదు, ఊగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బర్‌లోని పిస్టన్ చమురును సన్నని రంధ్రాల గుండా నెట్టి ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. సీలు అరిగి చమురు కారిపోతే ఆ పట్టు పోతుంది. టైరు రోడ్డును వదిలి ఎగిరినంతసేపూ బ్రేకు, స్టీరింగు ఉన్నా లేనట్టే. కాబట్టి ఇది సుఖానికి కాదు, ప్రాణానికి సంబంధించిన భాగం.

అరుగుదలను కనిపెట్టడం కష్టమేమీ కాదు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే కారు ఒకసారి లేచి నిలబడాలి. రెండుమూడు సార్లు ఊగిందంటే అనుమానించాల్సిందే. గొట్టం మీద చమురు జిడ్డు, టైరు మీద అక్కడక్కడా గుంతల్లాంటి అరుగుదల, బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంగడం మిగతా గుర్తులు. అయితే కటకట శబ్దం వస్తే ముందు రబ్బరు బుష్‌లు చూడాలి. అవి మారిస్తే పోయే శబ్దానికి కొత్త షాక్ అబ్జార్బర్లు కొనడం దండగ.

బాగు చేయించాలా, మార్చాలా అన్నది రకాన్ని బట్టి ఉంటుంది. మోరిస్ మైనర్ వంటి పాత బ్రిటిష్ కార్లలోని లీవర్ రకాన్ని విప్పి సీళ్లు, చమురు మార్చి మళ్లీ వాడుకోవచ్చు. పైగా మైనర్ ముందు చక్రాల దగ్గర ఆ లీవరే సస్పెన్షన్ పైచేయి. దాన్ని తీసేసి మరొకటి బిగించడం అంత తేలిక కాదు. గొట్టంలా ఉండే టెలిస్కోపిక్ రకం చాలావరకు మూసేసిన భాగం కనుక మార్చడమే మేలు. ఒక యాక్సిల్‌కు రెండూ కలిపి మార్చాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే కారు సమంగా నడవదు.

చిక్కంతా సరుకు దగ్గరే. హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరు 80 కోట్ల రూపాయలకు ప్యుజో చేతికి వెళ్లింది. పేరుకు కొనుగోలుదారు దొరికాడు కానీ రోడ్డు మీదున్న కార్లకు కంపెనీ అండ తిరిగి రాలేదు. ఇక దుకాణదారు ఇచ్చిందే గతి. అది ముడిచినప్పుడు, చాచినప్పుడు ఎంత పొడవుందో పాతదానితో పోల్చి చూడకుండా బిగిస్తే కొత్త ముప్పును కొని తెచ్చుకున్నట్టే.

మరి ప్రభుత్వం ఏం చూస్తోంది? ఎక్కువగా వయసునే. కోల్‌కతా మహానగర ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను తొలగించాలని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. కాలుష్యం దృష్ట్యా అందులో అర్థముంది. సొంత కారుకైతే 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికి వింటేజ్ హోదా దక్కుతుంది, రోజువారీ వాడకం మాత్రం కుదరదు. ఈ లెక్కల్లో ఏదీ షాక్ అబ్జార్బర్‌లో చమురుందో లేదో చెప్పదు. ఐదేళ్లకోసారి జరిగే తనిఖీ కింద పడుకుని సీళ్లు చూసేది కాకపోతే, అది రుసుము వసూలు మాత్రమే.

పాత కార్లన్నిటినీ తుక్కు చేయాలనేవారూ, తాత కారు కనుక ముట్టుకోకూడదనేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ బండి కిందికి తొంగి చూడరు. ఎన్నేళ్లయినా క్రమం తప్పకుండా విప్పి చూసినదే పట్టాల మీద తిరగాలన్నది రైల్వే నియమం. రోడ్డుకూ అదే వర్తించాలి.