ఢాకా గొడవలకు, మన సాంచాలకు సంబంధం ఏమిటి?



2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా పదవి వదిలి మన దేశానికి వచ్చేశారు. అప్పట్లో చాలామంది "ఇక వాళ్ల ఆర్డర్లన్నీ మనకే" అన్నారు. లెక్క అంత సులువు కాదు.

బంగ్లాదేశ్ ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా రెడీమేడ్ బట్టలే. బయటి నుంచి ఆ దేశం కొనే కాటన్ నూలులో ఎక్కువ భాగం మనదే. అంటే వాళ్లు మనకు పోటీదారులే, పెద్ద గిరాకీ కూడా.

2024 జూలైలో రిజర్వేషన్ల మీద విద్యార్థుల ఉద్యమం ముదిరి అక్కడ కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ బంద్ చేశారు. కస్టమ్స్ పని నిలిచిపోయి చిట్టగాంగ్ రేవులో కంటైనర్లు పేరుకుపోయాయి. మిషన్లున్నాయి, పనివాళ్లున్నారు, సరుకు మాత్రం కదల్లేదు.

తర్వాత రెండు దేశాల సంబంధాలు చెడ్డాయి. 2025 ఏప్రిల్‌లో మన నూలు లారీల మీద సరిహద్దు దాటి రాకుండా బంగ్లాదేశ్ ఆపింది. మే 17న మన ప్రభుత్వం, అక్కడి రెడీమేడ్ బట్టలు నవా శేవా, కోల్‌కతా రేవుల గుండానే రావాలంది. లారీలో పోయే సరుకు ఓడ ఎక్కితే రోజులూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది.

మిల్లుల్లో నూలు మిగిలితే ధర పడుతుంది. "మంచిదే కదా" అనిపిస్తుంది. కానీ దానితో పాటు గ్రే బట్ట ధర కూడా పడుతుంది. ఎక్కువ ధరకు నూలు కొనిపెట్టుకున్న చిన్న కార్ఖానాదారు నష్టపోతాడు. అతను సాంచాలు ఆపితే కూలీ ఆగుతుంది.

హసీనా 2009 నుంచి 15 ఏళ్లు ఏకధాటిగా పాలించారు. బయటికి అది స్థిరత్వంలాగే కనబడింది. మన పి.వి. నరసింహారావు గారికి 1991లో పార్లమెంటులో పూర్తి మెజారిటీ కూడా లేదు. అయినా విదేశీ వ్యాపారానికి తలుపులు తెరిచారు, తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఆ దారి మార్చలేదు. కుర్చీలో ఎవరున్నా రేపటి నియమం ఏమిటో వ్యాపారికి ఈరోజే తెలియాలి. స్థిరత్వం అంటే అదే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పని మందగించిందని పిల్లల్ని బడి మాన్పించి కార్ఖానాకు పంపకండి. మార్కెట్ నాలుగు నెలల్లో తిరగవచ్చు. మధ్యలో ఆగిన పదో తరగతి అంత తేలిగ్గా తిరిగి రాదు. ఇబ్బంది ఉంటే వచ్చి నాతో చెప్పండి.

– ప్రధానోపాధ్యాయుడు