‘ఆసక్తి గలవారు’ ఎవరు?

మన కాలేజీ నోటీసు బోర్డు మీద ఆటల నోటీసు చూసినా, నాటకం నోటీసు చూసినా చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "ఆసక్తి గలవారు సాయంత్రం నాలుగున్నరకు హాజరు కావలెను." ఇప్పుడు అదే నోటీసు ఫోన్లకు కూడా వస్తోంది గాని, వాక్యం మాత్రం మారలేదు. రానివాళ్ళకు ఆసక్తి లేదని లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది కాలువ కింద మూడెకరాల వరిచేను, రెండు గేదెలు ఉన్న ఇల్లు. ఊళ్ళో పాల కేంద్రం సాయంత్రం ఆరింటికల్లా మూసేస్తారు. ఈలోగా గడ్డి వెయ్యాలి, కుడితి పెట్టాలి, పాలు పితికి తీసుకెళ్ళాలి. నేను నాలుగున్నరకు గ్రౌండులో ఉండాలంటే ఈ పనులన్నీ ఇంకెవరో చెయ్యాలి. మొదటి సంవత్సరం వాలీబాల్‌కి పేరిచ్చి నాలుగు రోజులు వెళ్ళి మానేశాను. "ఇంటరెస్ట్ లేనివాడివి పేరెందుకిచ్చావోయ్?" అని టీం వాళ్ళు నవ్వారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, మా నాన్న మీద వచ్చింది.

ఆ కోపం అన్యాయమని తరువాత తెలిసింది. నాన్నకి ఆటలంటే గిట్టదనుకునేవాణ్ణి. కాని ఆయన కుర్రతనంలో రామాలయం దగ్గర కోలాటం వేసినవాడేనట. నూర్పిళ్ళయి ధాన్యం ఇంటికి చేరాక, రాత్రి భోజనాలు చేసి వచ్చి నేర్చుకునేవారట. ఇంటిల్లిపాదీ అరుగుల మీద కూర్చుని చూసేవాళ్ళట. కోలాటం, చెక్కభజన, శ్రీరామనవమి పందిట్లో నాటకం - వీటికీ రిహార్సల్సు ఉన్నాయి, క్రమశిక్షణ ఉంది, పంతాలూ ఉన్నాయి. అయితే అవన్నీ పంట తీరిక చూసుకుని పెట్టుకున్నవి. మన సెలక్షన్లేమో డిసెంబరులో, సరిగ్గా వరి కోతల్లో వచ్చి పడతాయి. రైతు ఇంటికి ఆటతో విరోధం లేదు. వేళ కుదరడం లేదు, అంతే.

రెండో సంవత్సరం నేను టీంలో ఆడాను. అందరూ మెచ్చుకున్నారు. ఎలా ఆడగలిగావని ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఇంటర్ చదివే మా చెల్లెలు సాయంత్రం గేదెల పని అందుకుంది, అందుకని ఆడగలిగాను. తను హైస్కూల్లో మంచి ఖో-ఖో ఆటగత్తె. పదో తరగతి కాగానే, ప్రాక్టీసయ్యేసరికి చీకటి పడుతుందని, తోడెవరని ఇంట్లో మానిపించారు. సంక్రాంతి సెలవుల్లో బీరువా సర్దుతుంటే తన సర్టిఫికెట్ కనిపించింది. "ఇంకా ఆడాలని ఉందా?" అన్నాను. "నువ్వాడుతున్నావుగా అన్నయ్యా" అంది. ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి ఇస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు ఇచ్చేది 88 నిమిషాలని తేలింది. ఆరేళ్ళు, ఆ పైబడిన వాళ్ళందరి లెక్క ఇది. శక్తి కొత్తగా పుట్టదు, నశించదు అని ఫిజిక్సులో చదువుకున్నాం. ఇంటి తీరిక కూడా అంతేననిపిస్తుంది. ఒకరికి పెరిగిందంటే ఇంకొకరి దగ్గర తగ్గినట్టే.

ఎన్.ఎస్.ఎస్. సంగతి చూడండి. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన మంచి పథకం. వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచెయ్యాలి. స్పెషల్ క్యాంపు ఏడు రోజులు. ఏడు రాత్రులు కొడుకును పంపే ఇల్లే కూతుర్ని పంపడానికి జంకుతుంది. ఆ జంకును మూర్ఖత్వమని కొట్టిపారేస్తే పని జరగదు. అక్కడ ఎవరుంటారు, ఎక్కడ పడుకుంటారు అని తల్లి అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలి.

కనుక యూనియన్ వారికీ, లెక్చరర్లకూ నా మనవి. సెలక్షన్లు కోతల రోజుల్లో పెట్టకండి. వారానికి రెండు రోజులైనా ప్రాక్టీసు కాలేజీ వేళల్లోనే జరిపించండి. ఆడపిల్లల ప్రాక్టీసు చీకటి పడకముందే, బస్సు అందేలా ముగించండి. క్యాంపుకు ముందు ఒక మేడమ్ గారు తల్లిదండ్రులతో మాట్లాడితే ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి. స్పోర్ట్స్ డేకి అతిథులతో పాటు అమ్మానాన్నల్ని కూడా పిలవండి. ఈ కాలేజీలోనే ఆడి వెళ్ళిన పూర్వ విద్యార్థులు మాత్రం, తమ వంతు ఇంటి పని ఆ రోజుల్లో ఎవరు చేశారో ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

అంతా కాలేజీయే చెయ్యాలని నేననను. నా వంతు నాకుంది. సంక్రాంతి తరువాత నుంచి వారానికి మూడు సాయంత్రాలు గేదెల పని నాది. ఆ మూడు రోజులూ చెల్లెలు తన కాలేజీలో ఖో-ఖోకి ఉంటోంది. బస్టాపు నుంచి తోడు తీసుకురావడానికి నాన్నే వెళ్తున్నాడు. "ఇంటరెస్ట్ తగ్గిందేమిటోయ్?" అని మొన్న మా కెప్టెన్ అడిగాడు. తగ్గలేదు. ఆ మూడు రోజులు మా ఇంట్లో ‘ఆసక్తి గలవారు’ ఇంకొకరున్నారు.