జగత్తు ఒకటి, జగజ్జెట్లు నలుగురు



కోరుట్ల నుంచి ఇద్దరు స్నేహితులు కలిసి ఒకే కార్డు మీద ఒక ప్రశ్న రాశారు. "సార్, నిఖత్ జరీన్ ఎన్నిసార్లు ప్రపంచ విజేత అయింది? నేను రెండు అంటున్నాను, వీడు మూడు అంటున్నాడు. పందెం కూడా వేసుకున్నాము" అని. పందెం సంగతి వాళ్ళ నాన్నలు చూసుకుంటారు. ప్రశ్న మాత్రం చాలా మంచిది. జవాబు రెండు. కాని మూడు అన్నవాడిని కోప్పడటానికి నాకు మనసు రావటం లేదు. ఈ విషయంలో పెద్దవాళ్ళే తికమక పడుతున్నారు.

నిఖత్ మన పొరుగున ఉన్న నిజామాబాదు బిడ్డ. 2022 మే నెలలో ఇస్తాంబుల్ నగరంలో 52 కిలోల తరగతిలో థాయిలాండు అమ్మాయి జుటామాస్ జిట్పాంగ్‌ను ఓడించి ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడు మార్చిలో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో వియత్నాం అమ్మాయి న్యుయెన్ థి టామ్‌ను ఓడించి మళ్ళీ గెలిచింది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో 51 కిలోల తరగతిలో బంగారు పతకం తెచ్చింది. ఆ చివరి పోటీ పేరు ప్రపంచ కప్ ఫైనల్స్. క్రికెట్టులో ప్రపంచ కప్పు గెలిచినవారే ప్రపంచ విజేతలు కనుక మన వాడు మూడు అని లెక్క కట్టాడు. బాక్సింగులో అలా కాదు. కప్పు వేరు, ఛాంపియన్‌షిప్ వేరు. ఆ ఏటి ఛాంపియన్‌షిప్ సెప్టెంబరులోనే ఇంగ్లండులో, లివర్‌పూల్‌లో జరిగిపోయింది. అందులో నిఖత్ క్వార్టర్ ఫైనల్లో తుర్కీ బాక్సరు చేతిలో ఓడింది. మన దేశానికే చెందిన జైస్మిన్ లంబోరియా, మీనాక్షి హుడా తమ తమ తరగతులలో గెలిచారు.

ఇంతటితో తీరిందా? లేదు. అదే 2025 మార్చిలో సెర్బియా దేశంలో, నిష్ అనే ఊళ్ళో, మరొక మహిళా ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది! ఒకే ఏడు, ఒకే ఆట, రెండు ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు. ఇదెలా కుదిరింది?

మన జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11 దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. అప్పుడు కబడ్డీలో జిల్లా విజేత ఒక్కరే. ఇప్పుడు జగిత్యాల జిల్లాకు ఒకరు, రాజన్న సిరిసిల్ల జిల్లాకు ఒకరు. ఇందులో పేచీ లేదు, ఎందుకంటే మధ్య ఒక సరిహద్దు ఉన్నది. అలా కాక, జగిత్యాలలోనే ఇద్దరు పెద్దమనుషులు రెండు సంఘాలు పెట్టి, "మేము కప్పు ఇచ్చినవాడే జిల్లా మొత్తానికి విజేత" అని ఎవరికి వారు చాటింపు వేయించారనుకోండి. అప్పుడు తగాదా వస్తుంది. జిల్లాను రెండుగా విడదీయవచ్చు, ప్రపంచాన్ని విడదీయలేము కదా! ముష్టియుద్ధంలో జరిగింది సరిగా ఇదే.

ఈ రోగం మొదట పట్టింది డబ్బు కోసం ఆడే బాక్సింగుకు, అందులోనూ అన్నిటికంటె బరువైన హెవీ వెయిట్ తరగతికి. పూర్వం అక్కడ లెక్క సులభంగా ఉండేది. 1892లో జాన్ సల్లివాన్ అనే జగజ్జెట్టిని జేమ్స్ కార్బెట్ ఓడించాడు. కనుక కార్బెట్ జగజ్జెట్టి. అతన్ని ఎవరు ఓడిస్తే వారు. నిజామాబాదు వైపు జాతరలలో కుస్తీ పోటీలు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, చివరికి వెండి కడెం ఒక్కడి చేతికే ఎక్కుతుంది. ఊరంతా చూస్తూండగా గెలిచాడు కనుక ఎవరూ కాదనరు.

తరువాత సంఘాలు పుట్టాయి. 1921లో అమెరికాలో పుట్టిన ఒక సంఘం 1962లో పేరు మార్చుకుని డబ్ల్యు.బి.ఎ. అయింది. 1963లో మెక్సికో నగరంలో డబ్ల్యు.బి.సి. పుట్టింది. 1983లో ఐ.బి.ఎఫ్., 1988లో డబ్ల్యు.బి.ఓ. వచ్చాయి. ఈ అక్షరాలు గుర్తుండకపోతే దిగులు పడకండి, పరీక్షలో అడగరు. నాలుగు సంఘాలు, నాలుగు బెల్టులు, ప్రతి సంఘానికీ సొంత నియమాలు అని గుర్తుంచుకుంటే చాలు.

సిరిసిల్ల పిల్లలకు ఇంకొక విధంగా చెబుతాను. మగ్గం మీద గుడ్డ నేసేవాడు ఒకడు. దాని మీద ముద్ర వేసేవాడు ఇంకొకడు. బాక్సరు గోదాలో దెబ్బలు తిని గెలుస్తాడు, సంఘం ముద్ర వేస్తుంది. ఆ ముద్ర వేసినందుకు బాక్సరు సంపాదనలో ఇంత వంతు అని రుసుము తీసుకుంటుంది. బెల్టు ఎన్నిసార్లు పోటీకి వస్తే అన్నిసార్లు రుసుము. ఇక నలుగురూ కలిసి ఒకటి కావటానికి ఎవరికి తొందర? డబ్ల్యు.బి.ఎ. అయితే ఎన్నో ఏళ్ళు ఒకే తరగతిలో ఇద్దరేసి విజేతలను నిలబెట్టింది. ఒకరు మామూలు విజేత, ఒకరు గొప్ప విజేతట! దీన్ని నేను ఎంత ఆలోచించినా సమర్థించలేను.

దీని వల్ల ఏమి జరిగిందో చూడండి. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ అనే యువకుడు మహమ్మద్ అలీని ఓడించాడు. డబ్ల్యు.బి.సి. అతన్ని కెన్ నార్టన్‌తో పోటీ చెయ్యమన్నది. స్పింక్స్ మళ్ళీ అలీతోనే తలపడతానన్నాడు. సంఘానికి కోపం వచ్చి, బిరుదు ఊడబెరికి, నార్టన్‌ను విజేతగా ప్రకటించింది. నార్టన్ తక్కువవాడు కాడు, 1973లో అలీ దవడ విరగ్గొట్టినవాడు. కాని జగజ్జెట్టి బిరుదు అతనికి కాగితం మీద వచ్చింది. ఆ జూన్‌లో లారీ హోమ్స్‌తో పదిహేను రౌండ్లు భీకరంగా పోరాడి, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు. బిరుదు పణంగా ఉన్న పోటీలు నార్టన్ తన జీవితంలో మూడు ఆడాడు. మూడింటిలోనూ ఓడాడు. అయినా జగజ్జెట్ల జాబితాలో అతని పేరు ఉన్నది! గోదాలో కొట్టి తెచ్చుకోగల సత్తా ఉన్నవాడికి అలా దక్కటం నాకు న్యాయంగా తోచదు.

ఇంకొక ఘనుడు రిడిక్ బోవ్. 1992 నవంబరులో హోలీఫీల్డ్‌ను గెలిచి మూడు బెల్టులు సంపాదించాడు. డబ్ల్యు.బి.సి. చెప్పిన లెనాక్స్ లూయిస్‌తో ఆడటం ఇష్టం లేక, డిసెంబరులో లండనులో విలేఖరుల ముందే ఆ సంఘం బెల్టును చెత్తబుట్టలో వేశాడు. లూయిస్ ఇంట్లో కూర్చుని జగజ్జెట్టి అయ్యాడు. చివరకు ఆ మూడు బెల్టులను ఒక చోట చేర్చినవాడు కూడా లూయిసే, 1999లో. ఆ తరువాత హెవీ వెయిట్‌లో అన్ని బెల్టులూ ఒకే నడుముకు చేరటానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. 2024 మే 18న సౌదీ అరేబియాలో, రియాద్‌లో, ఉక్రెయిన్ దేశపు ఉసిక్ టైసన్ ఫ్యూరీని ఓడించి నాలుగూ కట్టుకున్నాడు. సంతోషించేలోగా జూన్‌లోనే ఒకటి పోయింది. ఐ.బి.ఎఫ్. వంతు ప్రకారం చూపిన ప్రత్యర్థితో కాక, ఫ్యూరీతోనే మళ్ళీ ఆడవలసి వచ్చింది మరి. 2025 జూలైలో డుబోయ్‌ను గెలిచి నాలుగూ మళ్ళీ చేర్చాడు. నవంబరులో మళ్ళీ ఒకటి వదిలేశాడు.

ఇక నిఖత్ ఆడే ఒలింపిక్ తరహా బాక్సింగు. అక్కడ 1946 నుంచి ఒకే అంతర్జాతీయ సంఘం ఉండేది. డబ్బు వ్యవహారాలు, తీర్పులు సరిగా లేవని ఒలింపిక్ సంఘం దాన్ని 2019లో పక్కన పెట్టి, 2023 జూన్‌లో పూర్తిగా కాదన్నది. ఆ ఏప్రిల్‌లోనే వరల్డ్ బాక్సింగ్ అని కొత్త సంఘం పుట్టింది. 2024లో మన దేశం అందులో చేరింది. నిష్‌లో పోటీ పెట్టింది పాత సంఘం, లివర్‌పూల్‌లో పెట్టింది కొత్తది.

మరి నిఖత్ బిరుదులు రెండూ పాత సంఘం ఇచ్చినవే కదా, అవి చెల్లుతాయా అని మీలో తెలివిగలవారు అడుగుతారు. తేదీలు చూడండి. ఆమె రెండవసారి గెలిచింది 2023 మార్చి. కొత్త సంఘం అప్పటికి పుట్టనే లేదు. ఆ రెండుసార్లూ ప్రపంచంలో ఆ పోటీ ఒక్కటే. ఢిల్లీ పోటీకి అమెరికా, బ్రిటను వంటి కొన్ని దేశాలు పాత సంఘం మీద అలిగి రాలేదు, ఆ మాట దాచకూడదు. వచ్చినవారిని మాత్రం ఆమె గోదాలోనే గెలిచింది.

అయినా 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళేసరికి రెండుసార్ల విజేతకు అక్కడ సీడు లేదు. సీడు ఉన్నవారిని మొదటి రౌండ్లలోనే ఒకరికొకరు ఎదురుపడకుండా వేరువేరుగా ఉంచుతారు. సీడు లేనివారు ఎవరికి తగిలితే వారితో ఆడాలి. నిఖత్ తన రెండవ పోటీలోనే మొదటి సీడు అయిన చైనా అమ్మాయి వూ యూకు తగిలి ఓడింది. ఆ వూ యూ కూడా ఢిల్లీలో 52 కిలోలలో ప్రపంచ విజేతే. చివరికి ఒలింపిక్ బంగారు పతకమూ ఆమెకే దక్కింది. ఇద్దరు ప్రపంచ విజేతలు చివరి రోజున కలవవలసినవారు తొలి రోజులలోనే కలిశారు. ఒలింపిక్స్ నాలుగేళ్ళకు ఒకసారి వస్తుంది, బాక్సరు వయసు ఆగదు. 2028లో లాస్ ఏంజిలిస్‌లో అసలు బాక్సింగు ఉంటుందా అన్నదే చాలా కాలం తేలలేదు. 2025 మార్చిలో ఉంటుందని తేల్చారు.

ఇక ఈ నెల లెక్క. నాలుగు బెల్టులు నలుగురి దగ్గర ఉన్నాయి. గెలిచినవాడు ఓడినవాడి బెల్టులన్నీ తీసుకుంటాడు. ఎవరూ ఏ బెల్టునూ వదలకపోతే నాలుగూ ఒకడి నడుముకు చేరటానికి ఎన్ని పోటీలు కావాలి? ఇది సులభం. రెండవది కొంచెం ఆలోచించండి: ఒక్కొక్క బాక్సరు ఏడాదికి రెండే పోటీలు ఆడగలడు, ప్రతి సంఘమూ ఏడాదికి ఒకసారి తాను చెప్పిన వేరొక కొత్త ప్రత్యర్థితో ఆడకపోతే బెల్టు ఊడబెరుకుతుంది. అప్పుడు నాలుగూ చేర్చినవాడు వాటిని ఏడాది పొడుగునా నిలుపుకోగలడా? జవాబులు కార్డు మీద రాసి పంపండి, ఎలా వచ్చిందో కూడా రాయండి.