ఓడ ఆగితే డెమరేజ్, ట్రాక్టర్ ఆగితే?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కూ, పక్కనే ఉన్న పెద్ద పోర్టుకూ సముద్రం ఒక్కటే. న్యాయం మాత్రం ఒక్కటి కాదు. సరుకు ఎత్తడానికి, దించడానికి ఒప్పుకున్న గడువు దాటి ఓడను ఆపితే, ఆపినవారు ఓడ యజమానికి డెమరేజ్ కట్టాలి. వ్యాగన్‌ను గడువు దాటి నిలబెడితే రైల్వేకు కట్టాలి. కంటైనర్ యార్డులో ఎక్కువ రోజులు ఉంటే దానికీ అద్దె. అక్కడ ఇనుపపెట్టె ఎదురుచూసినా ఆ కాలానికి ధర ఉంది.

రోజుల తరబడి వేటాడి హార్బర్‌కు వచ్చిన మరపడవకు ఆ హక్కు లేదు. ఐసు కరుగుతుంటుంది, చేప మెత్తబడుతుంటుంది. వేలంపాటలో కొనేవారు గంట ఆలస్యం చేస్తే ఆ గంట ఖరీదు పడవవాళ్లదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం పోను, మిగిలిన రోజుల్లోనే సంపాదించుకోవలసిన మనిషికి గంట కూడా చిన్నది కాదు.

రైతు సంఘం పత్రికలో హార్బర్ గొడవ ఎందుకంటారా? మన గొడవా అదే కనుక. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. వరసలో నిలబడ్డ రోజుల ట్రాక్టర్ బాడుగ, డ్రైవర్ బత్తా, కుళ్లిన కాయ ఆ 12 రూపాయల లెక్కలో ఎక్కడున్నాయి?

ఇప్పుడు చదువుల సంగతి. లాజిస్టిక్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్ పేరుతో ఎంబీఏల్లో, పీహెచ్‌డీల్లో ఒక శాస్త్రమే నడుస్తోంది. సరుకు పుట్టినచోటి నుంచి వాడేవారి చేతికి చేరేదాకా ఉన్న గొలుసును కంపెనీలు తక్కువ ఖర్చుతో ఎలా నడపాలన్నది అందులోని విషయం. ప్రశ్నాపత్రాలు పట్టుకుని పిల్లలు హార్బర్‌కూ, చెరువుగట్లకూ, మార్కెట్ యార్డులకూ వస్తుంటారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మా తగాదా ఆ ప్రశ్నలతోనే. ఖర్చు ఎక్కడ తగ్గించాలని అడుగుతారు, అది ఎవరి నెత్తిన పడుతుందని అడగరు. కంపెనీ గేటులో తూకం పడ్డాకే వాళ్ల గడియారం తిరగడం మొదలవుతుంది.

ఆ శాస్త్రంలో పెద్ద పాఠం 'జస్ట్ ఇన్ టైమ్'. జపాన్ కార్ల కంపెనీ టయోటా నేర్పింది. నిల్వలు పెట్టుకోవద్దు, కావలసినప్పుడు కావలసినంతే తెప్పించుకో అంటుంది. బోల్టుకు అది చెల్లుతుంది. పది రోజులు ఆగినా బోల్టు కుళ్లదు. పండిన మామిడికీ, పట్టుబడికొచ్చిన రొయ్యకూ అదే సూత్రం పెడితే, కంపెనీ కట్టుకోని గోదాము మన ట్రాక్టర్ తొట్టి అవుతుంది, మన చెరువు అవుతుంది. మేత మనది, ఏరేటర్ల కరెంటు మనది. నిల్వ ఖర్చు మాయం కాలేదు, మన మీదికి జరిగింది. దాన్నే సామర్థ్యం అంటున్నారు.

ఇంకో పాఠం 'బుల్‌విప్'. కొరడా పట్టిన చెయ్యి కాస్త కదిలితే కొసన దెబ్బ పెద్దదవుతుంది. అలాగే అంగట్లో గిరాకీ కాస్త మారితే, గొలుసులో వెనక్కి పోయేకొద్దీ ఊగిసలాట పెరుగుతుందట. నిజమే. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించాడు. వారానికే, ఏప్రిల్ 9న, దాన్ని 90 రోజులు వాయిదా వేశాడు. ఈలోపే ఇక్కడ రొయ్య ధర కోసేశారు. అమలుకాని పన్ను చెరువుగట్టు మీద ముందే వసూలైంది. కొరడా పాఠం చెప్పేవారు, కొసన ఉన్న వీపు ఎవరిదో కూడా చెప్పాలి కదా!

పంటంతా ఒక్కసారే మీద పడితే ఏం చేస్తామని కంపెనీలు అంటాయి. ఓడలూ ఒక్కసారే వస్తాయి. అయినా ఆలస్యానికి నష్టం ఎవరు భరించాలో ముందే కాగితం మీద రాసుకుంటారు. మనకు లేనిది ఆ కాగితమే.

అందుకే మేము అడుగుతున్నవి మూడు. ఒకటి, ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయాల్లో, మేనేజ్‌మెంట్ సంస్థల్లో సరుకు రవాణా మీద చేసే ప్రతి పరిశోధనా చెరువుగట్టు నుంచీ, పడవ తట్టు నుంచీ లెక్క మొదలుపెట్టాలి. ఎదురుచూపు గంటలు, పాడైన సరుకు, అప్పు వడ్డీ అందులో చేరాలి. రెండు, మనం చెప్పిన జవాబులతో ఏం తేల్చారో నాలుగు పేజీల్లో తెలుగులో రాసి, మన దగ్గరికే తెచ్చి చదివి వినిపించాలి. మూడు, ఫ్యాక్టరీ టోకెన్ మీద సమయం వేయాలి. గడువు దాటిన ప్రతి గంటకూ రైతుకు డెమరేజ్ చెల్లించేలా ప్రభుత్వం చట్టం చేయాలి.

ఇక మన వంతు. పరిశోధన అంటే ముందు లెక్క రాయడమే. ఈ సీజన్ నుంచి ప్రతి రైతూ గేటుకు చేరిన సమయం, తూకం పడిన సమయం, ఆ మధ్య అయిన ఖర్చు, పోయిన సరుకు ఒక నోటుపుస్తకంలో రాయాలి. మత్స్యకార సోదరులనూ రాయమని అడుగుదాం. గ్రామ కమిటీలు ఆ పుస్తకాలను నెలనెలా సంఘం ఆఫీసుకు చేర్చాలి. ప్రశ్నాపత్రంతో వచ్చిన విద్యార్థి చేతిలో ముందు ఆ పుస్తకం పెడదాం. కలెక్టర్ బల్ల మీద పెట్టేదీ ఆ పుస్తకమే.