కాగు ఎవరిది? గ్లాసు ఎవరి చేతికి?

చిన్నవాడు పెద్ద కంపెనీని ఎదిరించి నిలిచాడంటే మన సానుభూతి సహజంగానే చిన్నవాడి వైపు ఉంటుంది. అమెరికాలో అర్ధ శతాబ్దంగా ‘క్రాఫ్ట్ బీరు’ పేరుతో పెరిగిన సంస్కృతి ఈ సానుభూతి మీదే బతుకుతోంది. దాని అభిమానులు చెప్పే కథ ఇది: 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం చిన్న తయారీదార్లను తుడిచిపెట్టింది. ఆ తర్వాత మార్కెట్టును కొద్ది కంపెనీలు మింగేశాయి. 1970ల చివరికి దేశం మొత్తం మీద బీరు తయారీ సంస్థలు వందకు లోపే మిగిలాయి. ఏ సీసా మూత తీసినా ఒకటే పల్చని రుచి. అప్పుడు కొందరు సాహసులు ఇంట్లోనే బార్లీ మాల్టు ఉడికించి, హాప్స్ పూలు వేసి, పులియబెట్టి, పోయిన రుచిని తిరిగి తెచ్చారు. సొంతానికి ఇంట్లో బీరు కాచుకునేందుకు అధ్యక్షుడు కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం దారి తెరిచింది. 2024 నాటికి తయారీ సంస్థలు 9 వేలు దాటాయి. కంపెనీల మీద చేతిపనివాడి విజయం!

ఈ కథలో అబద్ధాలు పెద్దగా లేవు. లేనిది స్త్రీ.

సారా వ్యతిరేకోద్యమం నడిపిన మనకు అమెరికా బీరు రుచుల గొడవ ఎందుకని కొందరు అడగొచ్చు. 1992లో దూబగుంట స్త్రీలు అడిగింది మద్యం మంచిదా చెడ్డదా అన్న నీతి ప్రశ్న ఒక్కటే కాదు. కూలి డబ్బు ఎవరి జేబులోకి పోతోంది, లాభం ఎవరిది, దెబ్బలు ఎవరివి అని అడిగారు. ఏ పరిశ్రమనైనా, అది ఎంత సరదాగా, ఎంత తిరుగుబాటుగా కనిపించినా సరే, ఈ ప్రశ్నలు అడిగే హక్కు మనకుంది. తాగడం తప్పని చెప్పి ఊరుకుంటే ఆ పరిశ్రమలో పనిచేసే స్త్రీ మన కంటికి ఆనదు.

బీరు కాయడం మొదట ఇంటిపని. రొట్టెలు కాల్చినట్టే, పాలు తోడుపెట్టినట్టే అదీ ఆడవాళ్ల చేతి పని. మధ్యయుగాల ఇంగ్లండులో ఇంటికి సరిపడా కాచుకుని, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మింది ఎక్కువగా స్త్రీలే. ఆ పని వాళ్ల చేతిలోంచి ఎలా జారిపోయిందో చరిత్రకారిణి జుడిత్ బెనెట్ 1996లో వచ్చిన తన పుస్తకంలో వివరించింది. ఎవరో కుట్ర పన్ని వెళ్లగొట్టలేదు. హాప్స్ వేసిన బీరు ఎక్కువ రోజులు నిలవుంటుంది. కాబట్టి పెద్ద ఎత్తున కాచి దూరాలకు పంపే వీలొచ్చింది. దానికి పెద్ద కాగులు కావాలి, అప్పు పుట్టాలి, వృత్తి సంఘంలో పలుకుబడి ఉండాలి. పెళ్లయిన స్త్రీకి తన పేరున ఒప్పందం రాసుకోవడమే కష్టమైన కాలంలో ఇవన్నీ ఎవరికి దొరుకుతాయి? లాభం లేనంతకాలం ఆడపని, లాభం రాగానే మగవృత్తి. ఈ సూత్రం మనకు కొత్త కాదు. రోజూ పొయ్యి ముందు ఉడికేది ఆడది, గొప్ప వంటకు పేరు మాత్రం నలభీమపాకం!

అమెరికాలోనూ ఇదే. 1808లో ఉత్తర కరోలినాలో యజమాని నుంచి తప్పించుకుపోయిన ప్యాట్సీ యంగ్ అనే బానిస స్త్రీ కేకులు చేసి, బీరు కాచి అమ్ముకుని స్వేచ్ఛగా బతికింది. ఆ సంగతి మనదాకా రావడానికి కారణం ఆమె బీరును ఎవరో మెచ్చుకోవడం కాదు, ఆమెను పట్టివ్వమని యజమాని పత్రికలో వేయించిన ప్రకటన! సుమేరియన్ల బీరు దేవత నింకాసిని క్రాఫ్ట్ బీరు ప్రియులు ఇష్టంగా తలుచుకుంటారు. నాలుగు వేల ఏళ్ల కిందటి దేవత అయితే పేచీ లేదు. ఆమె వాటా అడగదు కదా.

ఇక చట్టం సంగతి చూద్దాం. మిషిగన్ రాష్ట్రం 1945లో ఒక నియమం పెట్టింది. పెద్ద పట్టణాల బార్లలో మద్యం కలిపి పోసే పని స్త్రీ చేయకూడదు, ఆమె మగ యజమాని భార్యో కూతురో అయితే తప్ప. గ్లాసులు అందించే పనికి మాత్రం నిషేధం లేదు. అంటే, బారు ఒక స్త్రీదే అయినా కౌంటరు వెనక ఆమెకు గాని ఆమె కూతురుకు గాని చోటు లేదు. అలాంటి తల్లీకూతుళ్లే కోర్టుకెక్కారు. 1948లో గోసెర్ట్ వర్సెస్ క్లియరీ కేసులో సుప్రీంకోర్టు ఆరుగురికి ముగ్గురి మెజారిటీతో ఆ చట్టాన్ని సమర్థించింది. తండ్రో భర్తో పర్యవేక్షిస్తుంటే నైతిక ప్రమాదం తగ్గుతుందన్నది దాని తర్కం. గ్లాసు మోస్తే పోని శీలం, గ్లాసులో పోస్తే పోతుందట! 1976లో క్రెయిగ్ వర్సెస్ బోరెన్ కేసు వచ్చేదాకా ఆ తీర్పును కోర్టు తోసిపుచ్చలేదు.

అదే 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో న్యూ ఆల్బియాన్ అనే చిన్న తయారీ కేంద్రం పుట్టింది. క్రాఫ్ట్ బీరు ఉద్యమానికి అంకురార్పణ అక్కడే అంటారు. స్థాపకుడిగా జాక్ మెకాలిఫ్ పేరు మారుమోగింది. అతనితోపాటు డబ్బు పెట్టి, పని చేసిన భాగస్వాములు సుజీ స్టెర్న్, జేన్ జిమ్మర్‌మన్ చాలాకాలం పాదసూచికలుగానే మిగిలారు. 1987లో పెన్సిల్వేనియాలో సొంత కంపెనీ పెట్టిన కేరల్ స్టౌట్, 1991లో కొలరాడోలో న్యూ బెల్జియంను స్థాపించినవారిలో ఒకరైన కిమ్ జోర్డన్ వంటివాళ్లను చూపించి, ‘స్త్రీలు లేరని ఎవరన్నారు?’ అని అడుగుతారు. లేరని మేమూ అనడం లేదు. ఎందరున్నారు, ఎక్కడున్నారు అని అడుగుతున్నాం. చిన్న తయారీదార్ల సంఘమైన బ్రూయర్స్ అసోసియేషన్ 2019లో వెల్లడించిన లెక్కల ప్రకారం బీరు కాసేవారిలో స్త్రీలు 7.5 శాతమే. వడ్డించేవారిలో మాత్రం సగానికి పైగా వాళ్లే. మిషిగన్ చట్టం పోయింది, అది గీసిన గీత అలాగే ఉంది.

ఇది బరువులెత్తే పని, ఆడవాళ్లకు కష్టం అంటారు. మాల్టు బస్తా 25 కిలోలు. నిండు పీపా 73 కిలోల దాకా తూగుతుంది. దాన్ని మగవాడైనా ఒంటరిగా ఎత్తకూడదు. అందుకే బండ్లు, లిఫ్టులు ఉన్నాయి. ఇటుకల తట్టలు మోసి మన మేడలు కట్టిన స్త్రీల దేశంలో ఈ వాదన వినిపిస్తే నవ్వొస్తుంది. బరువు అడ్డం వచ్చేది జీతం ఎక్కువున్న పనులకేనా?

జీతం మాట వచ్చింది కాబట్టి మరో అంకె. టిప్పులు దొరికే ఉద్యోగులకు యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఒక్క సెంటు పెరగలేదు. టిప్పులు కలిపినా 7.25 డాలర్లకు తక్కువైతే లోటు యజమాని పూడ్చాలి. కొన్ని రాష్ట్రాలు ఇంతకన్నా మెరుగైన వేతనం పెట్టాయి. మిగతా చోట్ల ఆమె కూలి తాగేవాడి దయ మీద ఆధారపడుతుంది. వాడు నడుం మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి తీసెయ్యాలా, టిప్పు దక్కించుకోవాలా? ఇది మర్యాద సమస్య కాదు, వేతన సమస్య. చిన్న తయారీదార్లకు పన్ను తగ్గించమని ప్రభుత్వాన్ని అడిగి సాధించుకున్నప్పుడు వీళ్లు ఒక్క గొంతుగా నిలిచారు. 2.13 డాలర్ల మీద ఆ గొంతు ఎందుకు లేవదు?

లేబుళ్ల మీద అర్ధనగ్న స్త్రీ బొమ్మలు, బూతు పేర్లు ఏళ్ల తరబడి ‘సరదా’గా చెలామణి అయ్యాయి. 2017లో బ్రూయర్స్ అసోసియేషన్ నియమావళిని మార్చింది: అలాంటి పేరున్న బీరు పోటీలో నెగ్గినా వేదిక మీద ఆ పేరు చదవరు, పతకాన్ని ప్రచారానికి వాడుకోనివ్వరు. భావప్రకటనా స్వేచ్ఛ పోయిందని ఒక కంపెనీ సంఘంలోంచే తప్పుకుంది. 2021 మేలో మసాచుసెట్స్‌లో బీరు తయారీలో పనిచేసే బ్రియాన్ అలన్ అనే మహిళ, మీకు ఎదురైన వివక్ష ఏమిటని ఇన్‌స్టాగ్రామ్‌లో తోటివారిని అడిగింది. అవహేళన నుంచి అత్యాచారం దాకా వేల సంఖ్యలో సమాధానాలు వచ్చాయి. కొందరు యజమానులు పదవులు వదులుకోవాల్సి వచ్చింది. ‘మనమంతా ఒక కుటుంబం’ అనేది ఈ పరిశ్రమకు ఇష్టమైన మాట. కుటుంబంలో ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలో, చేసుకున్న ఆడపిల్లకు ఏమవుతుందో మనకు తెలియనిదా! అక్కడ కావాల్సింది కుటుంబం కాదు. రాతపూర్వక నియమాలు, విచారణ, యూనియన్.

బీరు పరిశ్రమలోని స్త్రీల కోసం టెరీ ఫారెన్‌డార్ఫ్ 2007లో స్థాపించిన పింక్ బూట్స్ సొసైటీ శిక్షణ ఇస్తోంది, ఉపకార వేతనాలు ఇస్తోంది. ఇది అవసరమే. కానీ నైపుణ్యం లేక కాదు స్త్రీలు కాగుకు దూరమైంది. పెట్టుబడి, చట్టం, ఒప్పందం వాళ్ల చేతిలో లేకపోవడం వల్ల. అవి మారకుండా శిక్షణ ఒక్కటే ఎంత దూరం తీసుకుపోతుంది?

ఈ సంస్కృతి అమెరికాలో ఆగిపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నియమాలు తెచ్చింది. హైదరాబాదు నడిబొడ్డున మెరిసే రాగి కాగుల పక్కన కూర్చుని తాగడం ఇప్పుడు హోదా. అదే 2015లో గుడుంబా బట్టీల మీద దాడులు ముమ్మరమయ్యాయి. గుడుంబాను మనం వెనకేసుకు రావడం లేదు. అది ఎన్ని ఇళ్లు కూల్చిందో మనకే బాగా తెలుసు. అయినా చూడండి: పేద స్త్రీ కుండలో కాస్తే నేరం, డబ్బున్న మగవాడు యంత్రంలో కాస్తే కళ. మద్యం మీద మన అభిప్రాయం ఏదైనా, ఈ ద్వంద్వ నీతిని ప్రశ్నించక తప్పదు.

కాబట్టి క్రాఫ్ట్ అన్న మాట వినగానే మురిసిపోకుండా మూడు ప్రశ్నలు వేద్దాం. కాగు ఎవరి పేరున ఉంది? వడ్డించే స్త్రీకి టిప్పుతో పని లేకుండా బతికే జీతం వస్తోందా? ఆమె ఫిర్యాదు చేస్తే ఉద్యోగం నిలుస్తుందా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని పరిశ్రమ ఎంత చిన్నదైనా, ఎంత రుచిగా కాచినా, అది పెద్ద కంపెనీకి ప్రత్యామ్నాయం కాదు, దాని చిన్న అచ్చు.