పథ్యం పేరిట పస్తులు వద్దు

శస్త్రచికిత్స అయినవారికి పప్పు, గుడ్డు, మాంసం పెడితే కుట్లు చీము పడతాయన్న భయం కర్నూలు, కడప ప్రాంతాల్లోని మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. చివరకు రోగికి చారన్నమే మిగులుతోంది. నిజానికి గాయం మానడానికి శరీరానికి మాంసకృత్తులు అత్యవసరం. వైద్యులు వద్దన్నవి తప్ప తక్కినవి మానరాదు.

వైద్యులు ఆహారానికి అనుమతించిన పిదప మజ్జిగ కలిపిన రాగి జావతో ప్రారంభిద్దాం. ఆ తర్వాత పెసరపప్పు ఖిచిడీ, ఉడికించిన గుడ్డు, కారం లేని కోడి యఖ్నీ ఇవ్వవచ్చు. ఖిచిడీని ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో మెత్తగా వండి, రోగికి తీసిపెట్టి, మిగిలినదానికి ఎండుమిరపకాయల తాళింపు వేస్తే వేరు వంట అక్కరలేదు. మన సీమ ఎండలకు నీళ్లు తగినన్ని తాగించాలి. మలబద్ధకం ఏర్పడితే ముక్కినప్పుడు కుట్లపై భారం పడుతుంది.

బార్లీ పిండితో కాచే ‘తల్‌బీనా’ జావను హజ్రత్ ఆయిషా (రజి) రోగులకు సూచించేవారని సహీహ్ బుఖారీలో ఉంది.

మరి గృహిణియే రోగి అయితే? కుట్లు ఆరకముందే ఆమె పొయ్యి దగ్గరకు చేరడం ఎన్నో ఇళ్లలో చూస్తున్నాం. మహాప్రవక్త (స) ఇంటి పనుల్లో తోడ్పడేవారని తెలిపినవారు కూడా హజ్రత్ ఆయిషాయే. పైన చెప్పిన వంటల్లో మగవారికి చేతకానిది ఒక్కటీ లేదు.